ఒకటికి వెయ్యి: అడ్రినలిన్ సురక్షిత వినియోగంలో పేరు, అంకె, మార్గం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అత్యవసర వైద్యంలో అడ్రినలిన్‌కు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ మందు వల్ల జరిగిన హానిలో చెప్పుకోదగ్గ భాగం దాని రసాయన స్వభావం నుంచి కాక, దాని గాఢతను సీసాపై రాసిన తీరు నుంచి, శరీరంలోకి పంపిన మార్గం నుంచి వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1901లో అమ్మకానికి వచ్చిన 1:1000 ద్రావణం మొదలుకొని 2016లో అమెరికాలో ఆ నిష్పత్తిని తొలగించడం వరకు సాగిన క్రమాన్ని ఇందులో పరిశీలించాను. హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు లేవనెత్తిన ప్రశ్నకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని ప్రత్యేకంగా చర్చించాను.

కీలకపదాలు: అడ్రినలిన్, ఎపినెఫ్రిన్, నిష్పత్తి, మోతాదు, క్లోరోఫాం, హైదరాబాదు, అనాఫిలాక్సిస్, పాముకాటు.

1. ప్రవేశిక

తెలుగు రాష్ట్రాలలోని ఏ ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలోనైనా అత్యవసర మందుల పళ్ళెంలో తప్పక ఉండవలసిన ఆంప్యూల్ ఒకటి ఉంది. అందులో ఒక మిల్లీలీటరు ద్రవం, ఆ ద్రవంలో ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ ఉంటాయి. పాముకాటుకు విరుగుడు మందు ఎక్కిస్తుండగా రోగికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకొని, రక్తపోటు పడిపోతే నర్సు చెయ్యి ముందుగా వెళ్ళవలసింది దానిమీదికే. పెద్దవారికైతే అందులో సగం, అంటే 0.5 మిల్లీగ్రాము, తొడ కండరంలోకి ఇస్తారు. పక్క మంచం మీద గుండె ఆగిపోయిన రోగి ఉంటే అదే మందును పూర్తి ఒక మిల్లీగ్రాము చొప్పున, మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి, సిరలోకి ఇస్తారు.

ఈ రెండు పనులూ సరైనవే. ఒకదాని స్థానంలో మరొకటి జరిగినప్పుడే ప్రమాదం. కొట్టుకుంటున్న గుండె గల మనిషికి ఒక మిల్లీగ్రామును ఒక్కసారిగా సిరలోకి పంపితే రక్తపోటు ప్రమాదకరంగా ఎగబాకుతుంది, గుండె లయ తప్పుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడులో రక్తనాళం చిట్లే అవకాశమూ ఉంది. ఆగిన గుండెకు ఊతమిచ్చే మోతాదే నడుస్తున్న గుండెను ఆపగలదు. ఒకే ఆంప్యూల్‌తో ఈ రెండు పనులనూ చేయవలసిన స్థితి వైద్యశాస్త్రానికి ఎలా వచ్చింది? ఆ ఆంప్యూల్ మీద ఇంతకాలం మిల్లీగ్రాములకు బదులు ‘1:1000’ అనే అంకె ఎందుకు ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే పంతొమ్మిదో శతాబ్దం చివరికి వెళ్ళాలి.

2. మూడు భాషలు, ఒకే అర్థం

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న చిన్న గ్రంథులను పదహారో శతాబ్దంలోనే ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు యూస్టేకియస్ వర్ణించాడు. వాటి పని మాత్రం మూడు వందల ఏళ్ళపాటు ఎవరికీ తెలియలేదు. 1855లో లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ ఆ గ్రంథులు చెడితే మనిషి క్షీణించి మరణిస్తాడని చూపాడు. 1894లో హారోగేట్ పట్టణ వైద్యుడు జార్జ్ ఆలివర్, లండన్ యూనివర్సిటీ కాలేజీలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ షేఫర్ కలిసి ఆ గ్రంథుల సారాన్ని కుక్క సిరలోకి పంపితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుందని ప్రకటించారు. ఆలివర్ అంతకుముందు తన కొడుకు మీదే ఆ సారాన్ని ప్రయోగించాడని, షేఫర్ మొదట నమ్మలేదని, తీరా పాదరసం స్తంభం ఎగబాకుతుంటే ఇద్దరూ నిర్ఘాంతపోయారని హెన్రీ డేల్ తరువాతి కాలంలో ఒక కథ చెప్పేవాడు. ఆ కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. కుక్క ప్రయోగం మాత్రం నిజం. ఆ మరుసటి ఏడు పోలండ్‌లోని క్రాకోలో సిబుల్‌స్కీ, షిమోనోవిచ్ కూడా అటువంటి ఫలితాలనే ప్రచురించారు.

ఆపై సారంలోని క్రియాశీల పదార్థాన్ని విడదీసే పోటీ సాగింది. బాల్టిమోర్‌లో జాన్ జాకబ్ ఏబెల్ 1897లో ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి ఎపినెఫ్రిన్ అని పేరు పెట్టాడు. నిజానికి అతని చేతికి వచ్చింది శుద్ధ పదార్థం కాదు, దాని బెంజాయిల్ ఉత్పన్నం. 1900 వేసవిలో న్యూయార్క్‌లో జోకిచి తకమినె ప్రయోగశాలలో అతని సహాయకుడు కెయిజో ఉయెనక శుద్ధ స్ఫటికాలను సాధించాడు. పేటెంటు తకమినె పేరుతో వెళ్ళింది. ఉయెనక పేరు చాలా కాలం ఎవరి నోటా రాలేదు. డెట్రాయిట్‌లోని పార్క్ డేవిస్ సంస్థ దానిని ‘అడ్రినలిన్’ అనే వ్యాపార నామంతో అమ్మింది. మల్‌ఫర్డ్ అనే మరో సంస్థ ఆ పేటెంటును సవాలు చేసినప్పుడు 1911లో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ పార్క్ డేవిస్ పక్షాన తీర్పునిచ్చాడు. ప్రకృతిలో ఉన్న పదార్థాన్ని శుద్ధి చేసినంత మాత్రాన పేటెంటు దక్కుతుందా అనే చర్చలో ఆ తీర్పును ఈనాటికీ ఉటంకిస్తారు.

అడ్రినలిన్ ఒక కంపెనీ సొత్తు కావడంతో అమెరికన్లు సామాన్య నామంగా ఎపినెఫ్రిన్‌ను తీసుకున్నారు. బ్రిటన్‌లో మాత్రం అడ్రినలిన్ నిలిచింది. వెల్‌కం ప్రయోగశాలలో పనిచేస్తున్న డేల్ తన పరిశోధనపత్రంలో ‘అడ్రినలిన్’ అని రాసినప్పుడు, పోటీ సంస్థ వ్యాపార నామం వాడవద్దని యజమాని హెన్రీ వెల్‌కం అభ్యంతరం చెప్పాడు. శాస్త్రజ్ఞుల వాడుకలో ఉన్న మాట అదేనని డేల్ పట్టుబట్టి నెగ్గాడు. భారతదేశం బ్రిటిష్ వాడుకను అనుసరించింది. అంతర్జాతీయ నామం మాత్రం ఎపినెఫ్రిన్ అయింది. లాటిన్‌లో ‘అడ్ రెనల్’ అంటే మూత్రపిండం దగ్గర ఉన్నది. గ్రీకులో ‘ఎపి నెఫ్రోస్’ అంటే మూత్రపిండం మీద ఉన్నది. మన పాఠ్యపుస్తకాల ‘అధివృక్క గ్రంథి’ సంస్కృతంలో అదే మాట చెబుతుంది. మూడు ప్రాచీన భాషలు ఒకే శరీరభాగానికి ఒకే విధంగా పేరు పెట్టుకోవడం చూడముచ్చటగా ఉంటుంది. అత్యవసర గదిలో మాత్రం ఆ ముచ్చటకు మూల్యం ఉంది. ఎపినెఫ్రిన్ అన్న పేరు ఎఫెడ్రిన్‌కు వినికిడిలో, రాతలో చాలా దగ్గర. అల్మారాలో పక్కపక్కన ఉండే ఆ రెండూ తారుమారైన సందర్భాలు ఉండబట్టే, పేర్లలో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా ముద్రించే పద్ధతి పాశ్చాత్య ఆసుపత్రులలో వచ్చింది. లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేని మనకు ఆ ఉపాయం తెలుగులో అక్కరకు రాదు.

3. పూతమందు నుంచి సిరంజిలోకి

పార్క్ డేవిస్ 1901లో అమ్మకానికి పెట్టిన ద్రావణం మీద 1:1000 అని ఉంది. వెయ్యి మిల్లీలీటర్ల ద్రావణంలో ఒక గ్రాము మందు ఉందని దాని అర్థం. ఆ కాలపు వైద్యుడికి ఈ రాత కొత్తది కాదు. గాయాలు కడిగే కార్బాలిక్ ద్రావణం ఇరవైకి ఒకటి, నలభైకి ఒకటి. పాదరస లవణపు ద్రావణం వెయ్యికి ఒకటి. క్రిమినాశక శస్త్రచికిత్స వ్యాపించిన తరువాత ఆసుపత్రి గదులు ఇటువంటి నిష్పత్తులతో నిండిపోయాయి. అడ్రినలిన్ కూడా మొదట్లో ఎక్కువగా పైపూతగానే వాడారు. 1896 నాటికే న్యూయార్క్ కంటివైద్యుడు విలియం బేట్స్ గ్రంథి సారాన్ని కంటిలో వేసి, ఎరుపు తగ్గడాన్ని నమోదు చేశాడు. ముక్కు, గొంతు శస్త్రచికిత్సలలో రక్తస్రావాన్ని ఆపడానికి దూదిని ఈ ద్రావణంలో ముంచి పెట్టేవారు. పూతకు మిల్లీగ్రాముల లెక్క అవసరం లేదు. ద్రావణం ఎంత ఘాటుగా ఉందో తెలిస్తే చాలు, దానికి నిష్పత్తి చక్కగా సరిపోతుంది.

మందు సూదిలోకి ఎక్కిన నాటి నుంచి లెక్క మారింది. 1903లో న్యూయార్క్ వైద్యులు బుల్లోవా, కప్లాన్ ఉబ్బసం రోగులకు దీనిని చర్మం కిందికి ఇచ్చి ఉపశమనం చూపించారు. అదే ఏడు జర్మనీలో హైన్‌రిష్ బ్రౌన్ కొకైన్ మత్తు మందుకు దీనిని కలిపితే మత్తు ఎక్కువసేపు నిలుస్తుందని, తక్కువ కొకైన్‌తో పని జరుగుతుందని చెప్పాడు. సూది పట్టిన వైద్యుడికి తెలియవలసింది మోతాదు. ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కిస్తే ఎన్ని మిల్లీగ్రాములు వెళతాయో అతనికి క్షణంలో తట్టాలి. నిష్పత్తి ఆ సంగతిని నేరుగా చెప్పదు. పూతమందుల సీసాల మీద పుట్టిన రాత ఎవరూ ఆలోచించకుండానే సిరంజి దాకా వచ్చిందని, ఆ తరువాత వందేళ్ళ అయోమయానికి బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం.

1:1000 అంటే వెయ్యి మిల్లీలీటర్లలో వెయ్యి మిల్లీగ్రాములు, కాబట్టి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. 1:10,000 అంటే మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము. కాగితం, కలం, రెండు నిమిషాల తీరిక ఉంటే పాఠశాల విద్యార్థి కూడా చేయగల లెక్క ఇది. రోగి నీలిబడుతుంటే, బంధువులు తలుపు కొడుతుంటే, ఆ తీరిక ఎక్కడిది? పైగా ఈ రాతలో పెద్ద అంకె బలహీనమైన మందును సూచిస్తుంది. కంటికి వెయ్యి కన్నా పదివేలే పెద్దది. సున్నాలలో ఒకటి ఎక్కువ కనబడినా తక్కువ కనబడినా మోతాదు పదిరెట్లు మారుతుంది. రెండు రెట్ల పొరపాటును శరీరం ఓర్చుకోవచ్చు. అడ్రినలిన్ విషయంలో పదిరెట్ల పొరపాటును ఓర్చుకోవడం కష్టం.

సీసా మీది అంకె నిలకడగా ఉన్నా లోపలి బలం తొలి దశాబ్దాలలో నిలకడగా లేదు. పశువుల గ్రంథుల నుంచి తీసిన మందును కుక్క రక్తపోటు ఎంత పెంచుతుందో చూసి తూచేవారు. 1904లో హోక్స్ట్ కర్మాగారంలో ఫ్రీడ్‌రిష్ స్టోల్జ్ దీనిని కృత్రిమంగా తయారుచేశాడు గాని, అద్దంలో ప్రతిబింబాల వంటి రెండు రూపాలు కలిసి ఉన్న ఆ పదార్థం సహజమైన దానికన్నా బలహీనం. వాటిని విడదీయడం 1908లో సాధ్యమైంది. గ్రంథుల నుంచి తీసిన ‘అడ్రినలిన్’లో నార్‌అడ్రినలిన్ కూడా గణనీయంగా కలిసి ఉండేదని 1940ల చివరిలో తేలింది. నార్‌అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది కానీ శ్వాసనాళాలను అంతగా విప్పదు. అంటే పాత వైద్యగ్రంథాలలోని మోతాదులు, ఫలితాలు నేటి శుద్ధమైన మందుకు యథాతథంగా వర్తించవు. ఆ గ్రంథాలను చదివే చరిత్రకారుడు ఈ సంగతిని మరువరాదు.

4. హైదరాబాదు అడిగిన ప్రశ్న

అడ్రినలిన్ గుండెను ఎలా చంపగలదో మొదట స్పష్టంగా బయటపడింది మరో మందు గురించిన వివాదంలో. ఆ వివాదం హైదరాబాదు మీదుగా నడిచింది.

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. కొద్ది నెలలకే, 1848 జనవరిలో, న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం పీల్చిన రెండు మూడు నిమిషాలలోనే మరణించింది. అప్పటినుంచి వైద్యులు రెండు శిబిరాలయ్యారు. క్లోరోఫాం మొదట శ్వాసను ఆపుతుందని, కాబట్టి ఊపిరిని గమనిస్తే చాలునని ఎడిన్‌బరో వారు అన్నారు. గుండె ముందు ఆగుతుందని, నాడిని చూడాలని లండన్ వారు వాదించారు. ఎడిన్‌బరోలో సైమ్ వద్ద చదువుకున్న ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉండేవాడు. తన గురువుల మాటను రుజువు చేయాలన్న పట్టుదలతో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో, 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ నడిపాడు. దాని ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక సందేహించింది. పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపితే ఖర్చు భరిస్తానని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ విధంగా 1889లో ప్రముఖ ఔషధశాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. వందలాది జంతువుల మీద, ప్రధానంగా కుక్కల మీద, ప్రయోగాలు జరిగాయి. మసిపట్టిన కాగితం చుట్టిన దుత్తల మీద రక్తపోటు గీతలు గీయించారు. శ్వాసే ముందు ఆగుతుందని ఆ కమిషన్ కూడా తేల్చింది. గుండె ప్రమాదాన్ని నమ్మి వచ్చిన బ్రంటన్ లారీ పక్షానికి మారాడు.

లండన్ శాస్త్రజ్ఞులు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వలసరాజ్యపు రాజధాని గర్వం కొంత కారణమై ఉండవచ్చు. అయినా వారి సందేహంలో నిజం ఉంది. క్లోరోఫాం గట్టిగా ఎక్కాక చనిపోయిన వారికన్నా, ఇంకా మత్తు సరిగా ఎక్కకముందే హఠాత్తుగా చనిపోయిన రోగులే వారిని కలవరపెట్టారు. హానా గ్రీనర్ అటువంటిదే.

ఆ ముడి 1911లో విడింది. లండన్ మత్తువైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లులకు క్లోరోఫాం ఇచ్చి, మత్తు తేలికగా ఉన్న దశలో అడ్రినలిన్‌ను సిరలోకి పంపాడు. గుండె దిగువ గదులు క్రమం లేకుండా వణికిపోయి రక్తాన్ని నెట్టడం మానేశాయి. వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అని పిలిచే స్థితి ఇదే. థామస్ లూయిస్‌తో కలిసి లెవీ దీనిని అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న ఈసీజీ యంత్రంతో నమోదు చేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే, అదే జంతువు గాఢమైన మత్తులో ఉన్నప్పుడు అదే అడ్రినలిన్ అంత హాని చేయలేదు. భయంతో, నొప్పితో శరీరం తనంతట తానే విడుదల చేసే అడ్రినలిన్ కూడా తేలిక మత్తులో ఉన్న రోగి గుండెను ఇలాగే ఆపగలదని దీని అర్థం. ముక్కు శస్త్రచికిత్సలో క్లోరోఫాం ఇస్తూ అడ్రినలిన్ సూది వేసే వాడుకను లెవీ తీవ్రంగా హెచ్చరించాడు.

అయితే హైదరాబాదు కమిషన్ తప్పు చెప్పిందా? ఈ ప్రశ్నకు చరిత్ర గ్రంథాలు తరచుగా ‘అవును’ అని తేల్చేస్తాయి. ఆ తీర్పు తొందరపాటని నాకు అనిపిస్తుంది. అతిమోతాదులో క్లోరోఫాం ఇస్తే శ్వాస ముందు ఆగుతుందన్నది హైదరాబాదు కుక్కలలో కమిషన్ కళ్ళారా చూసిన సంగతి. తేలిక మత్తులో, అడ్రినలిన్ ఉప్పొంగిన వేళ ఏం జరుగుతుందన్నది మరో ప్రశ్న. 1889లో అడ్రినలిన్ అనే పదార్థం ఉందని ఎవరికీ తెలియదు, ఈసీజీ లేదు, ఆ ప్రశ్న అడగడానికి కావలసిన మాటలే లేవు. కమిషన్ చేసిన అసలు పొరపాటు ఒక స్థితిలో చూసిన దానిని అన్ని స్థితులకూ అన్వయించి, నాడిని చూడనవసరం లేదని వైద్యులకు భరోసా ఇవ్వడం.

క్లోరోఫాం పోయినా లెవీ పాఠం పోలేదు. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్ కూడా గుండెను అడ్రినలిన్‌కు అతిసున్నితంగా మార్చేది. మన ఆసుపత్రులలో హాలోథేన్ చాలా కాలం నడిచింది. దానితో మత్తు ఇచ్చిన రోగికి అడ్రినలిన్ కలిపిన సూదిమందును సర్జన్ ఎంత ఇవ్వవచ్చో మత్తువైద్యుడు లెక్క కట్టి చెప్పేవాడు.

5. ఆగిన గుండెకు ఒక మిల్లీగ్రాము

క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జ్ క్రైల్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలోనే కుక్కల్లో ఆగిన గుండెను అడ్రినలిన్‌తో, ఛాతీ ఒత్తిడితో తిరిగి నడిపించాడు. ఆ పని ఆసుపత్రి దినచర్యలోకి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. 1963లో పియర్సన్, రెడ్డింగ్ అనే అమెరికన్ వైద్యులు ఊపిరాడక గుండె ఆగిన కుక్కలకు ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇచ్చినప్పుడు ఎక్కువ వాటిలో రక్తప్రసరణ తిరిగి మొదలైందని చూపారు. ఆ కుక్కలు సుమారు పది కిలోల బరువువి. మనుషులకు సిఫారసు చేసిన మోతాదూ ఒక మిల్లీగ్రామే అయింది. బరువు ప్రకారం చూస్తే కుక్కకు ఇచ్చినదానిలో ఆరో వంతో ఏడో వంతో మనిషికి అందుతున్నదన్నమాట. అయితే ఎక్కువ ఇస్తే మేలేమో అని 1992లో రెండు పెద్ద అధ్యయనాలు పరీక్షించాయి. ఎక్కువ ఇచ్చినా బతికి ఇంటికి వెళ్ళినవారు పెరగలేదు.

2018లో బ్రిటన్‌లో వెలువడిన పారామెడిక్-2 అధ్యయనం ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్న వేసింది. ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన 8,014 మందిలో కొందరికి అడ్రినలిన్, కొందరికి ఉప్పునీరు ఇచ్చారు. ముప్పై రోజులకు బతికి ఉన్నవారు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, రెండో వర్గంలో 2.4 శాతం. మందు ప్రాణాలు కాపాడిందన్నది నిజం. కాని బతికి ఆసుపత్రి వదిలినవారిలో తీవ్రమైన నాడీవైకల్యం అడ్రినలిన్ వర్గంలో 31 శాతం, రెండో వర్గంలో 17.8 శాతం. గుండెను లేపే మందు మెదడును లేపడం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలైనప్పటినుంచి మన దగ్గర కూడా అత్యవసర వైద్యం ఆసుపత్రి గడప దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆ అంబులెన్సులో కూర్చున్న సాంకేతికుడికి ఈ రెండు జతల అంకెలలో ఏది ముఖ్యమో చెప్పడం నావంటి చరిత్ర విద్యార్థి పని కాదు. గుండె ఆగిన వెంటనే ఛాతీ నొక్కడం, వీలైనంత త్వరగా విద్యుత్ షాక్ ఇవ్వడం మందు కన్నా ముందు వరుసలో ఉన్నాయన్నది మాత్రం వైద్యులలో వివాదం లేని విషయం.

6. ఆలస్యం అనే అపాయం

ఇంతవరకు అధికమోతాదు గురించి చెప్పుకున్నాం. అనాఫిలాక్సిస్‌లో కథ తలకిందులవుతుంది. అక్కడ ఎక్కువగా చంపేది మందు ఇవ్వడంలో జాప్యం.

1901లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే మొనాకో రాకుమారుడి ఓడ మీద సముద్రజీవుల విషాన్ని పరిశీలించడం మొదలుపెట్టారు. పారిస్‌కు తిరిగి వచ్చాక, ఒకసారి విషం తట్టుకొని బతికిన కుక్క కొన్ని వారాల తరువాత అతిస్వల్ప మోతాదుకే నిమిషాలలో చనిపోవడం చూసి, రక్షణకు వ్యతిరేకమైన ఆ స్థితికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి దక్కింది. అదే కాలంలో గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం మందులు ధనుర్వాతానికి, గొంతు జబ్బయిన డిఫ్తీరియాకు, పాముకాటుకు వాడుకలోకి రావడంతో మనుషుల్లోనూ ఈ స్థితి తరచుగా ఎదురైంది.

అడ్రినలిన్ ఎందుకు పనిచేస్తుందో 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించిన ఆల్ఫా, బీటా గ్రాహకాల సిద్ధాంతం వివరించింది. ఆల్ఫా గ్రాహకాల ద్వారా రక్తనాళాలు బిగుస్తాయి, వాపు తగ్గుతుంది. బీటా గ్రాహకాల ద్వారా గుండె బలంగా కొట్టుకుంటుంది, శ్వాసనాళాలు విచ్చుకుంటాయి. అనాఫిలాక్సిస్‌లో చెడిన ప్రతి పనినీ ఒకే మందు సరిచేస్తుంది. ఆ సిద్ధాంతాన్ని మొదట ఒక పత్రిక తిరస్కరించిందన్నది వేరే కథ.

బ్రిటన్‌లో రిచర్డ్ పంఫ్రీ 2000 సంవత్సరంలో ప్రచురించిన మరణాల పరిశీలన ఈ రంగంలో మరువరానిది. ప్రాణాంతకమైన ప్రతిచర్య మొదలైన తరువాత గుండె లేదా శ్వాస ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం ఆహారం వల్ల అయితే ముప్పై నిమిషాలు, కందిరీగ వంటి కీటకాల కాటుకు పదిహేను, ఆసుపత్రిలో ఇచ్చిన మందుల వల్ల అయితే ఐదు నిమిషాలు. మరణించిన వారిలో 62 శాతం మందికి అడ్రినలిన్ ఇచ్చారు. గుండె ఆగకముందే అది అందినవారు 14 శాతమే. మోతాదు భయంతో చెయ్యి వెనుకాడినచోట రోగి నష్టపోయాడు.

మార్గం కూడా కాలాన్ని నిర్ణయిస్తుంది. బుల్లోవా, కప్లాన్ల నాటినుంచి దశాబ్దాలపాటు వైద్యులు చర్మం కిందికే సూది వేశారు. కెనడాలో ఎస్టెల్ సైమన్స్ 1998లో అలెర్జీ గల పిల్లలలో రెండు మార్గాలనూ పోల్చి చూసింది. కండరంలోకి ఇస్తే రక్తంలో మందు గరిష్ఠస్థాయికి చేరడానికి సగటున 8 నిమిషాలు, చర్మం కిందికి ఇస్తే 34 నిమిషాలు పట్టింది. అడ్రినలిన్ తాను ప్రవేశించిన చోట చర్మపు రక్తనాళాలనే బిగించి తన దారి తానే మూసుకుంటుంది. కండరంలో ఆ ఆటంకం తక్కువ. 2001లో పెద్దవారిలో చేసిన పరిశీలన భుజం కన్నా తొడ మేలని తేల్చింది. నేటి నియమం ఈ పరిశీలనల మీద నిలిచినదే: కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాము, తొడ వెలుపలి వైపు మధ్యభాగంలో, కండరంలోకి. అవసరమైతే కొన్ని నిమిషాల తరువాత మళ్ళీ. అనాఫిలాక్సిస్‌లో సిరలోకి ఇవ్వడం గుండె లయను గమనించే యంత్రం, అనుభవం గల వైద్యుడు ఉన్నచోటనే, బాగా పలుచన చేసి, నెమ్మదిగా.

7. అంకె మారిన తరువాత

నిష్పత్తి రాత వల్ల జరిగే హానిని కొలిచి చూపిన పని 2008లో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో డేనియల్ వీలర్ బృందం 28 మంది వైద్యులను ఒక బొమ్మరోగి ముందు నిలబెట్టి, అనాఫిలాక్సిస్‌కు గురైన పిల్లవాడికి చికిత్స చేయమంది. కొందరికి 1:1000 అని, కొందరికి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము అని రాసిన ఆంప్యూళ్ళు ఇచ్చారు. లోపల ఉన్నది ఒకటే. నిష్పత్తి చూసినవారు మోతాదు ఎక్కువ ఇచ్చారు, ఇవ్వడానికి నిమిషానికి పైగా ఎక్కువ సమయమూ తీసుకున్నారు. తప్పు మోతాదు, ఆలస్యం అనే రెండు అపాయాలూ ఒకే చీటీ నుంచి పుట్టాయి. అమెరికా ఔషధ ప్రమాణ సంస్థ 2016 మే 1 నుంచి అడ్రినలిన్ ఆంప్యూళ్ళ మీద నిష్పత్తిని తొలగించి మిల్లీగ్రాములనే రాయాలని నిర్ణయించింది. పార్క్ డేవిస్ సీసా వెలువడిన నూట పదిహేనేళ్ళకు ఆ దేశంలో ఆ రాత చెరిగింది.

మన పరిసరాలలో ఈ విషయం మరింత బరువైనది. అడ్రినలిన్ నింపి సిద్ధంగా ఉండే పెన్నులు, అమెరికాలో 1987 నుంచి దొరుకుతున్నవి, ఇక్కడి సామాన్య రోగికి అందుబాటులో లేవు. ఆంప్యూల్ పగలగొట్టి, సిరంజిలోకి తీసి, ఎంత తీయాలో లెక్కించుకోవలసిందే. వరి కోతలలో, పత్తి చేలలో పాము కరిచిన రైతుకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఇచ్చే విరుగుడు గుర్రపు రక్తం నుంచి తయారైనదే కాబట్టి రిషే వర్ణించిన ప్రతిచర్యకు అవకాశం ప్రతి సీసాలో ఉంటుంది. భారతదేశంలో తయారైన విరుగుడునే వాడే శ్రీలంకలో 1999లో ఒక అధ్యయనం జరిగింది. విరుగుడుకు ముందు 1:1000 అడ్రినలిన్‌ను 0.25 మిల్లీలీటరు చర్మం కిందికి ఇచ్చినవారిలో 11 శాతం మందికి, ఇవ్వనివారిలో 43 శాతం మందికి తక్షణ ప్రతిచర్యలు వచ్చాయి. వెయ్యిమందికి పైగా రోగులతో అక్కడే జరిగిన మరో అధ్యయనం 2011లో ఆ ప్రయోజనాన్ని ధ్రువీకరించింది. ఇక్కడ చర్మం కింది మార్గమే తగినదయింది. నెమ్మదిగా లోపలికి చేరడం ముందుజాగ్రత్తలో గుణం, చికిత్సలో దోషం.

మన ఆంప్యూళ్ళలో మరో చిక్కు ఉంది. వాటిలో చాలావరకు ఉండేది అడ్రినలిన్ బైటార్ట్రేట్ అనే లవణం. సుమారు 1.8 మిల్లీగ్రాముల లవణం ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్‌కు సమానం. చీటీ మీద రెండు అంకెలూ ఉంటే, మోతాదు లెక్కించవలసింది రెండోదానితో. ద్రవం గులాబీ లేదా గోధుమ రంగుకు తిరిగితే మందు గాలితో కలిసి చెడిపోయిందని గుర్తు, దానిని పారవేయాలి.

2016 నిర్ణయంలో ఒక మినహాయింపు మిగిలింది. స్థానికంగా మత్తునిచ్చే లిగ్నోకెయిన్ వంటి మందులలో కలిపిన అడ్రినలిన్‌కు నిష్పత్తి రాతను అలాగే ఉంచారు. అందులో మందు అతిస్వల్పం కావడం, ఆ రాత దంతవైద్యులకు తరతరాలుగా అలవాటు కావడం దీనికి కారణాలుగా కనిపిస్తాయి. హైదరాబాదులోనో గుంటూరులోనో పన్ను తీయించుకోవడానికి వెళ్ళిన రోగి చిగురులోకి వెళ్ళే సీసా మీద నేటికీ 1:80,000 అనో 1:2,00,000 అనో ఉంటుంది. ఆ గదిలోనే, గోడకు ఆనించిన అల్మారాలో, అత్యవసర మందుల పెట్టెలో అడ్రినలిన్ ఆంప్యూల్ ఉంటుంది.